కరెంటు పోతే కనపడే పేరు

మా ఊరి చర్చిలో పాత ఫ్యాన్లు ఏడు ఉండేవి. ఏడింటికీ రెక్కల మీద ఎర్ర పెయింటుతో పేర్లు రాసుండేవి, ఒక రెక్క మీద "కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం", ఇంకో రెక్క మీద పుట్టిన తేదీ పోయిన తేదీ, మూడో దాని మీద ఇచ్చినోళ్ళ పేర్లు. ఆడోళ్ళు కూర్చునే వైపు ముందు నుంచి రెండోది మా తాత ఫ్యాను. తాత పేరు మీద ఇచ్చిన ఫ్యాను అనాలి గానీ మా ఇంట్లో అందరం తాత ఫ్యాను అనే అంటాం. తమాషా ఏందంటే అది తిరిగేటప్పుడు ఆ పేరు ఎవరికీ కనపడదు, ఎర్ర గీత ఒకటి గుండ్రంగా తిరుగుతా ఉండిద్ది అంతే. కరెంటు పోయి, ఫ్యాను నిదానంగా నిదానంగా ఆగితే అప్పుడు తాత బయటికొస్తాడు. నా చిన్నప్పుడు ఆదివారం ఆరాధన టైముకి కరెంటు పోవటం మామూలే కాబట్టి, అయ్యగారి ప్రసంగం ఒక చెవిన పడేస్తా తల పైకెత్తి ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవటం నాకు బాగా గుర్తు. తాత 1986లో పోయాడు, అప్పటికి నాకు మూడేళ్ళు, మొహం కూడా గుర్తులేదు. నాకు తెలిసిన తాత అంటే ఆ ఫ్యాను రెక్కే.

పోయినేడు చర్చికి రిపేర్లు పెట్టారు. బెంగుళూరులో ఉజ్జోగం చేసే మా ఊరి కుర్రోడు ఒకడు పద్నాలుగు కొత్త ఫ్యాన్లు ఇస్తానన్నాడు, పైగా పేర్లు గీర్లు ఏం వద్దన్నాడు. ఇంకేముంది, అక్కడ మొదలైంది గొడవ. పాత ఫ్యాన్లు దించితే మా నాన్న పేరు ఏమైపోవాలి, మా అమ్మ పేరు ఏమైపోవాలి అని ఏడు కుటుంబాలూ లేచినాయి. సరే, చీమకుర్తి గ్రానైట్ మనకి పక్కనే గదా, నల్ల గెలాక్సీ పలక ఒకటి తెప్పించి అందరి పేర్లూ చెక్కిద్దాం అన్నారు పెద్దలు. చెక్కిద్దాం సరే, ఎవరి పేరు పైన? ఫ్యాను ఇచ్చినోళ్ళదా, బల్ల ఇచ్చినోళ్ళదా, స్థలం ఇచ్చినోళ్ళదా? మైకు సెట్టు ఇచ్చినోళ్ళ సంగతేంది? రెండు ఆదివారాలు ఆరాధన అయినాక ఇదే పంచాయితీ, మూడో ఆదివారం ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోవటం మానేశారు. చచ్చిపోయినోళ్ళు పరలోకంలో ప్రశాంతంగా ఉన్నారు, ఇక్కడ వాళ్ళ పేర్ల కోసం మేం కొట్టుకుంటున్నాం.

నేనేమో ఆ పంచాయితీలో నోరు మెదపకుండా కూర్చుని, అసలు ఈ జ్ఞాపకార్థం అనే మాట గురించే ఆలోచిస్తా ఉన్నా. మన క్రైస్తవుల ఇళ్ళల్లో ఇది ఎంత ఎక్కువ వాడతామో లెక్కలేదు. జ్ఞాపకార్థ కూడిక, జ్ఞాపకార్థ స్తుతి కూడిక, జ్ఞాపకార్థం స్టీలు గిన్నెలు, జ్ఞాపకార్థం అన్నదానం. మరి ఇది బైబిలు నుంచి వచ్చిందా, ఊరి అలవాటు నుంచి వచ్చిందా?

బైబిల్లో రాళ్ళు నిలబెట్టటం చానా చోట్ల ఉంది. యాకోబు తలకింద పెట్టుకున్న రాయినే పొద్దున్నే లేచి స్తంభంగా నిలబెట్టి నూనె పోస్తాడు, సమూయేలు ఒక రాయి నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెడతాడు, ఇప్పటికీ మన ఊళ్ళల్లో చర్చిలకీ మనుషులకీ ఆ పేరు ఉంటానే ఉండిద్ది. కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైంది యెహోషువ 4వ అధ్యాయం. దేవుడు నీళ్ళు ఆపేస్తే ఇశ్రాయేలు జనం యొర్దాను నది ఆరిన నేల మీద నడిచి దాటినాక, గోత్రానికి ఒకడు చొప్పున పన్నెండు మంది నది మధ్యలో నుంచి పన్నెండు రాళ్ళు భుజాల మీద మోసుకొచ్చి గిల్గాలులో నిలబెడతారు. రేపు మీ పిల్లలు ఈ రాళ్ళెందుకని అడుగుతారు, అప్పుడు మీరు చెప్పాలి అంటాడు యెహోషువ. సండే స్కూల్లో ఇంతవరకు అందరం నేర్చుకున్నదే.

అయితే దాని మధ్యలో ఒక వచనం ఉంది, తొమ్మిదోది, దాన్ని మనం చదివి దాటేస్తాం. యెహోషువ నది నడుమ కూడా, మందసం, అంటే దేవుని ఆజ్ఞల పలకలుండే పెట్టె, మోసిన యాజకుల కాళ్ళు నిలబడిన చోట, పన్నెండు రాళ్ళు నిలబెట్టించాడు, నేటివరకు అవి అక్కడే ఉన్నాయి అని రాసుంది. చూడండి, నీళ్ళు మళ్ళీ వచ్చేస్తాయి గదా! ఆ రాళ్ళు ఎవరికి కనపడతాయి? ఏ పిల్లోడొచ్చి ఈ రాళ్ళెందుకు నాయనా అని అడుగుతాడు? గట్టు మీద పన్నెండు, నీళ్ళ కింద పన్నెండు. గట్టు మీదవి జనం చూడటానికి. నీళ్ళ కిందవి ఎవరు చూడటానికి పెట్టినట్టు?

నాకు ఈ వచనం తగులుకున్నప్పట్నుంచి మా జిల్లా కథ మొత్తం వేరేగా కనపడటం మొదలైంది.

ఒంగోలు సంగతి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లా. నెల్లూరులో డే దొర అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ 1840లో మిషను పెట్టటం, చానా ఏళ్ళు పెద్దగా ఎవరూ నమ్మకపోవటం, అమెరికాలో వాళ్ళు 1853లో ఇక దీన్ని మూసేద్దామా అని కూర్చోటం, మ్యాపులో ఒంటిగా ఉన్న ఈ నెల్లూరుని ఒంటి నక్షత్రం అని ఎవరో అనటం, ఆ మాట పట్టుకుని ఒకాయన పద్యం రాయటం, దాంతో మూయకుండా ఆగిపోటం. ఆ తరవాత 1854 జనవరి 1 తెల్లారుజామున జ్యూయెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు, అదే ఇప్పటి ప్రార్థన కొండ. ఆ ముగ్గురూ మన తెలుగోళ్ళే, జూలియా, రూతు, క్రిస్టియన్ నర్సు. నర్సు అంటే ఆస్పత్రి నర్సు అనుకునేరు, మనిషి పేరే అది, మగాయన. ఇప్పుడు ఒంగోలులో జ్యూయెట్ పేరు మీద చర్చి ఉంది, ఆ తరవాత వచ్చిన మిషనరీ క్లౌ దొర పేరు మీద ఆస్పత్రి ఉంది. మరి జూలియా పేరు మీద ఏముంది, నర్సు పేరు మీద ఏముంది అని నాకు నేను అడుక్కుంటే నాకైతే ఏం తట్టలా. దొరల్ని తక్కువ చేయటానికి అనటంలా. ఆ క్లౌ దొర లేకపోతే మా తాతముత్తాతలు కరువులో మిగిలేవోళ్ళే కాదేమో.

ఆ కరువు 1876 నుంచి 78 దాకా, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ముసలోళ్ళు ధాతు కరువు అంటారు. అప్పుడు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళు క్లౌ దొర తనే కాంట్రాక్టు తీసుకుని, మనోళ్ళకి కూలి ఇప్పించి బతికించాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడంట, కూటి కోసం చేరారు అనే మాట రాకూడదని. కరువు తగ్గినాక జనం ఆగలా. 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో రెండో తారీకు 614 మంది, మూడో తారీకు ఒక్కరోజే 2,222 మంది, నాలుగో తారీకు 700 మంది. మూడు రోజులకి 3,536. బాప్తిస్మాలు ఇచ్చింది కూడా మన తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరు నీళ్ళల్లో ఉంటే మిగతావాళ్ళు ఒడ్డున అలుపు తీర్చుకోవటం, మళ్ళీ మార్చుకోవటం.

2,222 అనే నంబరు మాకు నోటికొచ్చిద్ది. క్విజ్జుల్లో అడుగుతారు, పాస్టర్లు ప్రసంగంలో చెబుతారు. కానీ ఆ రెండు వేల రెండొందల ఇరవై రెండు మందిలో నాలుగు పేర్లు చెప్పు అంటే చెప్పగలిగినోళ్ళు ఎంతమంది? నంబరు గట్టు మీద ఉంది, మనుషులు నీళ్ళ కింద ఉన్నారు.

నాకు ఒకళ్ళు తెలుసు, పేరు కాదు, సంగతి తెలుసు. మా అవ్వకి ఇప్పుడు ఎనభై ఐదు. అవ్వ వాళ్ళ నాయనమ్మ ఆ రోజు వెల్లంపల్లి ఏటి ఒడ్డున ఉంది, ఆరేళ్ళ పిల్లంట. బాప్తిస్మం ఆమెది కాదు, వాళ్ళమ్మది. ఆ ముసలామె 1952 దాకా బతికింది, అవ్వకి పన్నెండేళ్ళు వచ్చేదాకా పక్కనే పడుకోబెట్టుకుని ఈ కథలన్నీ చెప్పింది. అంటే లెక్కేసుకోండి, నాకూ 1878కీ మధ్య ఉన్నది ఇద్దరు ముసలమ్మలు, అంతే. ఇది తట్టినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

మరి ఆ ఆరేళ్ళ పిల్లకి ఏం గుర్తుందో తెలుసా? దొర గుర్తులేడు. పాటలు గుర్తులేవు. ఎంతమంది జనమో ఏం తెలీదు. వాళ్ళమ్మ నీళ్ళల్లోంచి పైకొచ్చి తనని ఎత్తుకుంటే జుట్టులో నీళ్ళు చుక్కచుక్కగా తన వీపు మీద పడటం గుర్తు, చల్లగా ఉండి తను ఏడిస్తే వాళ్ళమ్మ నవ్విందంట. "మా అమ్మ నవ్వటం నేను చూసింది అదే మొదలు" అని చెప్పేదంట ఆ ముసలామె. కరువులో పెరిగిన పిల్ల గదా, అంతకుముందు అమ్మ నవ్వటానికి ఏముండింది, ఇద్దరు బిడ్డలు ఆ కరువులోనే పోయారంట. ఇంకోటి కూడా గుర్తంట, ఆ రోజు చెట్టు కింద కూర్చుని సజ్జరొట్టె తిన్నారు, ముక్కలు చేసి అందరికీ పంచారు, వేరే ఊరోళ్ళెవరో కూడా తమ ముక్కలో నుంచి ఈ పిల్లకి తుంచి ఇచ్చారు. అంతే కథ. అవ్వ ఈ కథ నాకు వంద సార్లు చెప్పి ఉండిద్ది, ఒక్కసారి కూడా 2,222 అనలా.

పోయిన నెల బండి మీద ఒంగోలు నుంచి అద్దంకి వైపు పనుండి పోతా ఉంటే, దారికి కాస్త పక్కనే అయినా వెల్లంపల్లి వైపు తిప్పి గుండ్లకమ్మ బ్రిడ్జి దగ్గర ఆగాను. మీకు తెలుసు గదా గుండ్లకమ్మ, వానాకాలం తప్పితే అది ఏరు అని చెబితే నమ్మాలి. హైవే మీద లారీలు ఊపేస్తా పోతన్నాయి. కింద పాయలు పాయలుగా కాసిని నీళ్ళు, తుమ్మ చెట్లు, ఎవరివో బర్రెలు. ఏ చోటో ఏ మూలో నాకేం తెలుసు, ఊరికే కిందికి చూస్తా నిలబడ్డా. చెప్తే నవ్వుతారు, నా వీపు మీద చల్లగా ఏదో పడినట్టు అనిపించింది, పైన చూస్తే ఏం లేదు, చెమట.

సరే, మళ్ళీ జ్ఞాపకార్థం దగ్గరికొద్దాం.

మన తెలుగులో గుర్తుపెట్టుకోవటం అనే మాటకి రెండు అర్థాలు ఉన్నాయి, గమనించారో లేదో. పరీక్షకి పోయే పిల్లోడికి గుర్తుపెట్టుకోరా అంటే బుర్రలో పెట్టుకో అని. అదే పెన్షను రాని ముసలామె సర్పంచి దగ్గరికి పోయి "మమ్మల్ని కాస్త గుర్తుపెట్టుకో నాయనా" అంటే నా మొహం మర్చిపోవద్దు అని కాదు గదా, నా పని చేసి పెట్టు అని. బైబిల్లో దేవుడు జ్ఞాపకం చేసుకున్నాడు అంటే చానావరకు ఈ రెండో రకమే. నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు అన్నాక గాలి విసురుద్ది, నీళ్ళు తగ్గుతాయి. హన్నాని జ్ఞాపకం చేసుకున్నాడు అన్నాక సమూయేలు పుడతాడు. సిలువ మీద ఆ దొంగ, నీ రాజ్యంలోకి వచ్చేటప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకో అన్నప్పుడు అడిగింది కూడా అదే, పెన్షను ముసలామె అడిగినట్టే అడిగాడు. దానికి ప్రభువు సరేలే గుర్తుంచుకుంటాలే అనలా, నేడే నాతో ఉంటావు అన్నాడు. మనం సంవత్సరానికి ఒకసారి దండేసి ఫోటో తుడిచి జ్ఞాపకం చేసుకున్నాం అనుకుంటాం. దాంట్లో పని ఏముంది?

ఇక్కడ నా పిన్నమ్మ కొడుకు ఒకడితో నాకు ప్రతి ఏడూ తగువు. వాడు ఇప్పుడు వేరే సంఘానికి పోతాడు, అక్కడ ఇట్టాంటివన్నీ కుదరవు. మా ఊళ్ళో ఈస్టర్ తెల్లారుజామున నాలుగింటికే అందరం సమాధుల తోటకి పోతాం, ముందు రోజే ముళ్ళకంప కొట్టేసి సమాధులకి సున్నం వేసి, బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టి, చీకట్లోనే పాట పాడి, తెల్లారేటప్పటికి అయ్యగారు పునరుత్థాన వాక్యం చదువుతారు. ఆర్సీఎం వాళ్ళకైతే, అంటే రోమన్ కాథలిక్కులకి, నవంబర్ 2న ఉండిద్ది ఈ సమాధుల పండగ. వీడేమో "అన్నా, ఇది విగ్రహారాధన గాదా, హిందువులు పెద్దలకి పెట్టుకున్నట్టే గదా మీరు చేసేది" అంటాడు.

వాడి మాట పూర్తిగా కొట్టిపారేయను నేను, నిజం చెప్పాలంటే. జ్ఞాపకంగా ఉంచిన వస్తువే దేవుడై కూర్చోటం బైబిల్లోనే ఉంది. మోషే చేసిన ఇత్తడి సర్పం, అరణ్యంలో జనం బతకటానికి దేవుడే చేయించింది, దాన్ని వందల ఏళ్ళు దాచిపెట్టుకుని చివరికి దానికే ధూపం వేయటం మొదలెడితే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ప్రవక్తల సమాధులు కట్టి నీతిమంతుల గోరీలు అలంకరించే వాళ్ళని ప్రభువు ఎట్టా తిట్టాడో మత్తయి 23లో ఉంది. కాబట్టి సున్నం కొట్టినంత మాత్రాన అయిపోలా. కానీ మా బొందల దగ్గర మేం చనిపోయినోళ్ళని ఏం అడగం, వాళ్ళకి ఏం పెట్టం. లేస్తారు అని చెప్పుకోటానికి పోతాం. ఈస్టర్ రోజు సమాధి దగ్గరికి పోకుండా ఇంకెక్కడికి పోవాలి, ఆ ఆడోళ్ళు కూడా తెల్లారుజామున పోయింది అక్కడికే గదా అంటే వాడు నవ్వి ఊరుకుంటాడు, మళ్ళీ వచ్చే ఏడు అదే ప్రశ్న. పోయినేడు మాత్రం వాళ్ళమ్మ, అదే మా పిన్నమ్మ, పోయినాక మొదటి ఈస్టర్. మేం వెళ్ళేటప్పటికే పిన్నమ్మ సమాధి చుట్టూ గడ్డి పీకేసి ఉంది. కొవ్వొత్తి లేదు, పూలు లేవు, గడ్డి మాత్రం శుభ్రంగా పీకేసి ఉంది. నేనేం అడగలా వాణ్ణి.

మా నేల మీద ఇట్టా గుర్తు పెట్టుకోవటం మాకొక్కళ్ళకే లేదు లెండి. నెల్లూరు చెరువు దగ్గర బారా షహీద్ దర్గా, అక్కడా పన్నెండు మంది వీరుల గోరీలే, రొట్టెల పండక్కి ఎంతెంత జనం వస్తారో, కులం మతం చూడకుండా ఒకళ్ళ చేతిలో రొట్టె ఒకళ్ళు పుచ్చుకుంటారు. మా అవ్వ కూడా ఒకసారి చూద్దామని పోయొచ్చింది, పోయినట్టు అయ్యగారికి మాత్రం చెప్పొద్దంది.

నాకు అసలు కోపం వచ్చేది సమాధుల మీద కాదు, ఫ్లెక్సీల మీద. ఇప్పుడు వర్ధంతి అంటే ఊరి సెంటర్లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ, దాంట్లో చనిపోయినాయన ఫోటో ఒక మూల, బతికున్న కొడుకులు అల్లుళ్ళు మనవళ్ళు కళ్ళద్దాలు పెట్టుకుని మిగతా అంతా, పైన పావురం ఒకటి. జ్ఞాపకార్థ కూడికకి బిర్యానీలో ముక్కలు తక్కువైనాయని మాట పడటం కూడా చూశా నేను. అబ్షాలోము గుర్తొస్తాడు నాకు. తన పేరు నిలబెట్టటానికి కొడుకు లేడని బతికుండగానే రాజు లోయలో తనకి తనే స్తంభం కట్టించుకున్నాడు, చివరికి ఆయన్ని పాతిపెట్టింది అడివిలో ఒక గోతిలో, పైన పెద్ద రాళ్ళకుప్ప. స్తంభం ఒక చోట, మనిషి ఒక చోట.

అదే ప్రభువు అయితే రాయి అడగలా. ఆలోచించండి, రేపు చనిపోబోతా ఉన్న మనిషి, శిష్యులు పన్నెండు మంది ఉన్నారు, పన్నెండు రాళ్ళు తెమ్మంటే తెచ్చేవాళ్ళే. రొట్టె తీసుకున్నాడు. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అన్నాడు. రాయి అయితే ఒకసారి నిలబెడితే అయిపోయిద్ది, వెనక్కి తిరిగి చూడకపోయినా అదే ఉండిద్ది. రొట్టె ఉండదు. తినేస్తే అయిపోయిద్ది, మళ్ళీ కావాలంటే మళ్ళీ అందరూ రావాలి, మళ్ళీ ఒకడు విరవాలి, మళ్ళీ పంచాలి. పైగా ఒక్కడివే ఇంట్లో కూర్చుని చేసుకునేది కాదు.

మా చర్చిలో నెలకి మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె విరిచి పంచుకునే ఆరాధన. తెల్ల గుడ్డ కప్పిన బల్ల మీద ఇత్తడి పళ్ళెం, దాంట్లో చతురస్రాలుగా కోసిన రొట్టె ముక్కలు, చిన్న గాజు కప్పుల్లో ద్రాక్షరసం. చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి మాకు ఇవ్వరు, అవ్వ పక్కన కూర్చుని ఆ పళ్ళెం మన ముందు నుంచి పోతా ఉంటే మింగేసేలా చూసేవాళ్ళం. అవ్వ ముక్క తీసుకుని వెంటనే తినదు. అరచేతిలో పెట్టుకుని, ఇంకో చెయ్యి మీద మూసి, చానా సేపు కళ్ళు మూసుకుని ఉండిద్ది. ఏం ప్రార్థన చేస్తావు అంత సేపు అని ఒకసారి అడిగితే, "ప్రార్థన ఏందిరా, పేర్లు చెప్పుకుంటా" అంది. ఎవరి పేర్లు అంటే, తాత, కరువులో పోయిన ఆ ఇద్దరు పిల్లలు, వాళ్ళ పేర్లు కూడా తెలుసంట అవ్వకి, వాళ్ళ నాయనమ్మ చెప్పింది, సజ్జరొట్టె తుంచి ఇచ్చిన ఆ పొరుగూరోళ్ళు, వాళ్ళ పేరు తెలీదు కాబట్టి "రొట్టె ఇచ్చినోళ్ళు" అనే చెప్పుకుంటదంట. చదువురాని మనిషి. దాదాపు నూట యాభై ఏళ్ళ కిందట పోయిన బిడ్డల పేర్లు నెలనెలా అరచేతిలో చెప్పుకుంటా ఉంది. మావోళ్ళని ఊరి బావి దగ్గరికి కూడా రానియ్యని రోజుల్లో ఒకే పళ్ళెంలో నుంచి తీసుకుని తిన్నోళ్ళు వాళ్ళు, ఆ సంగతి మేం మర్చిపోయాం గానీ అవ్వ చెయ్యి మర్చిపోలా.

అవ్వ చేతిలో ఉన్నది రొట్టె ముక్క గదా, మరి మేం రెండు ఆదివారాలు కొట్టుకుంది గ్రానైట్ పలక కోసం.

పలక సంగతి చివరికి ఏమైందంటే, ఏం కాలా. డబ్బులు స్లాబు లీకులకి అయిపోయినాయి, పలక వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. కొత్త ఫ్యాన్లు పెట్టేశారు. పాతవి ఎవరివి వాళ్ళు తీసుకుపోండి అంటే నేను తాత ఫ్యాను బండి మీద ముందు పెట్టుకుని ఇంటికి తెచ్చా. బేరింగు మార్పిచ్చి, అవ్వ మంచం ఉండే వరండాలో బిగించా. పెయింటు ముట్టుకోవద్దని ఎలక్ట్రీషియనుకి గట్టిగా చెప్పా, దుమ్ము తుడిచేటప్పుడు చూస్తే ఆ పెయింటరు ఎవడో గానీ "జ్ఞాపకార్దం" అని రాశాడు, థ కి బదులు ద. ముప్పై ఎనిమిది ఏళ్ళు చర్చిలో తిరిగింది ఆ తప్పు.

మొన్న రాత్రి గాలివానకి కరెంటు పోయింది. నేను సెల్లు లైటు వేసి పైకి చూపించా, ఫ్యాను ఇంకా ఆగలా, నిదానంగా తిరుగుతా తిరుగుతా ఆగింది. అవ్వ మంచంలో పడుకునే, "ఏం రాసుందిరా దాని మీద, చదువు" అంది. ఎన్నిసార్లు విన్నదో ఏమో, అయినా చదివా. తాత పేరు, తేదీలు, తరవాత మూడో రెక్క, "వారి కుమారులు" అని మా నాన్న పేరు, బాబాయి పేరు.

"వాళ్ళిచ్చారా?" అంది అవ్వ.

"మరి?"

"అప్పటికి మీ నాన్న చేతిలో రూపాయి ఉందా? మీ బాబాయి ఇంకా చదువుకుంటా ఉన్నాడు. నేను గదరా ఇచ్చింది. ఆ యేడు పొగాకు గ్రేడింగుకి పోయినాను ఒంగోలుకి, సీజనంతా. పొద్దున్నే చద్దన్నం కట్టుకుని పోటం, ఆ ఘాటుకి దగ్గి దగ్గి రాత్రి నిద్ర ఉండేది కాదు. ఆ డబ్బులు."

నేను లైటు రెక్క మీద నుంచి దించి అవ్వ మొహం వైపు తిప్పితే, కళ్ళల్లో కొడతన్నావు ఆపు అంది.

"మరి నీ పేరు రాపిచ్చలేదేంది అవ్వా?"

"నా పేరెట్టా రాపిస్తారు? నేను బతికే ఉంటిని గదా" అని, ఆ మాటకి తనే నవ్వుకుని అటు తిరిగి పడుకుంది.